దిగుడు బావి లెక్క

నర్సవ్వ చీలమండ మీది పుండులోంచి నూలుపోగంత సన్నగా, తెల్లగా తల బయటపెట్టిన నారు పురుగును లిదియా ఈనె పుల్లకు చుట్టి ఒక్క చుట్టు తిప్పింది. తిప్పి ఆగింది. పురుగూ ఆగింది. ఒకరి పట్టు ఒకరికి తెలిసేదాకా ఇద్దరూ కాసేపు నిదానించారు. ఆ తరువాత ఇంకో అరచుట్టు. ఇవ్వాళ్టికి అంతే. వస్తోంది కదా అని లాగితే తెగుతుంది. తెగిందా, లోపల మిగిలిన ముక్క కుళ్ళి కాలు గుమ్మడికాయవుతుంది. ఆ మనిషి వానాకాలమంతా మంచానికి, ఆ పైన జన్మంతా చేతికర్రకు.

పుల్లను కాలికి ఆనించి గుడ్డపేలికతో కట్టి, వేపాకు ముద్ద అద్ది, ఆముదం రాసి లిదియా వెనక్కి జరిగింది. ఆమెకు యాభై దాటాయి. ఎండుకట్టెలాంటి మనిషి. చేతులు పగిలి, మోచేతులు రాయిబారి ఉండేవి గానీ, కుడిచేతి బొటనవేలూ చూపుడువేలూ మాత్రం పెళ్ళికూతురి వేళ్ళలా మెత్తగా ఉండేవి. ఆ రెండింటికీ నారు తీయడం తప్ప వేరే పని చెప్పేది కాదు. కలుపు కూడా ఎడమచేత్తోనే తీసేది.

ఆమె లేచి నిలబడగానే నర్సవ్వ చెంబెడు నీళ్ళు మోకాలి నుంచి కిందికి పోసుకుంది. కిరస్తానపు వాడ మనిషి ముట్టుకున్న మైల పోవాలి కదా. పటేలు భార్య ఆ మాత్రం పట్టింపు లేకుండా ఉండటం ఊరికి మర్యాద కాదు. ఆ నీళ్ళు దిగుడు బావివి. నారు ఏ దారిన వచ్చిందో మైలను ఆ దారినే పంపించే ఈ తతంగాన్ని లిదియా పదకొండేళ్ళుగా చూస్తోంది. మొదట్లో నవ్వొచ్చేది. నవ్వితే పుల్ల కదులుతుందని మానేసింది.

నర్సవ్వకు ఇది ఏడో నారు. అయినా ఆ పొద్దున ఆమె హుషారుగా ఉంది. ఎత్తు పీట మీద కాలు చాపుకుని, పది నెలల మనుమరాలి ముచ్చట్లు చెప్పింది. పిల్ల నాలుగు రోజుల నుంచీ నీళ్ళు తాగుతోందట. కుండ చప్పుడైతే చాలు, పాకుతూ వస్తోందట.

లిదియా పేలికలు మూటకట్టుకుంటున్న చేయి ఆగిపోయింది. తలుపు వెనక నిలబడ్డ పిల్ల తల్లి, పటేలు పెద్దకోడలు రాజమణి ఆమె వైపే చూస్తోంది.

ఆ ఊరు ఎల్లారెడ్డికి కోసెడు దూరం. ఏటా వైశాఖం వచ్చేసరికి ఊళ్ళో చాలా ఇండ్లలో ఎవరో ఒకరు కాలు చాపుకుని మూలుగుతుంటారు. అమ్మవారి కోపమని కొందరూ, గిట్టనివాళ్ళు చేసిందని కొందరూ అనుకునేవారు. ముట్టుకుంటే తమకూ వస్తుందన్న భయం మాత్రం అందరిదీ. అందుకే ఆ పని వాడకు వచ్చింది. లిదియా అత్త ఈరవ్వ చేసింది, ఆమె పోయాక లిదియా. పుల్ల తిప్పడం నేర్పినప్పుడు అత్త ఒక్కటే చెప్పింది, తొందరపడొద్దని. ఎందుకొస్తుందని కోడలు అడిగితే, పని చేతకానివాళ్ళే అట్లాంటివి అడుగుతారంది.

లిదియా మళ్ళీ అడగలేదు గానీ, నారు పూర్తిగా బయటికి వచ్చాక దాన్ని తన జానతో కొలవడం, ఆ పుల్లను పారేయకుండా దాచడం మొదలుపెట్టింది. ఊరివాళ్ళ పుల్లలు ఒక కట్ట, వాడవాళ్ళవి ఒక కట్ట. ఎందుకని అడిగితే చెప్పడానికి అప్పట్లో ఆమెకే తెలియదు. పదకొండేళ్ళకు ఊరి కట్టలో రెండు వందల పన్నెండు పుల్లలయ్యాయి. వాడ కట్టలో మూడు. వాడ ఊళ్ళో నాలుగో వంతు ఉంటుంది. ఆ లెక్కన యాభై దాటాలి. అమ్మవారికైతే వాడ మీద అంత ప్రేమ ఎప్పుడూ ఉన్నట్టు కనపడలేదు. ఉంటే మిగతా రోగాలప్పుడు కూడా కాస్త గుర్తుంచుకునేది.

ఆమె మొదట పట్టుకున్న సమాధానం తప్పు. ఊరివాళ్ళు వరి బువ్వ తింటారు, వాడవాళ్ళు జొన్న గట్క తాగుతారు. కాబట్టి నారు వరిలోంచి వస్తుందని తేల్చేసింది. తేల్చి ఊరుకోక నలుగురిలో చెప్పింది. పటేలు నారాయణరెడ్డి పొట్ట చేత్తో పట్టుకుని నవ్వి ఆమెకు గట్క హకీము అని పేరు పెట్టాడు. పటేలు మేనత్త ఒకావిడ మాత్రం ఆ మాట నమ్మి, ఏడాదంతా నోరు కట్టుకుని గట్క తాగింది. మరుసటి వైశాఖంలో ఆవిడకు రెండు నార్లు, రెండు కాళ్ళకూ ఒక్కొక్కటి. ఆవిడ తిట్టిన తిట్లు వాడ దాకా వినపడ్డాయి.

లిదియా ఇంటింటికీ పోయి తప్పైందని చెప్పి, నెలరోజులు తల ఎత్తలేదు. ఆ తరువాత ఒకరోజు పొలంలో కలుపు తీస్తూ ఉండగా తట్టింది, ముసలావిడ తిట్టింది గానీ ఒక సంగతి తేల్చిపెట్టింది: తిండి కాదు. తిండి కాకపోతే మిగిలింది నీళ్ళు.

ఊరిది దిగుడు బావి. పటేలు తాత తవ్వించింది. నలభై రెండు మెట్లు దిగి, మోకాలి లోతు నీళ్ళలో నిలబడి కడవ ముంచుకుంటారు. వాడవాళ్ళను ఆ మెట్లు దిగనివ్వరు. అందుకని వాడ మగవాళ్ళు ఎప్పుడో తమకు తాము ఒక చేద బావి తవ్వుకున్నారు. రాయి కొనే దిక్కులేక ఇరుకుగా తవ్వారు. మనిషి దిగడానికి చోటే లేదు. తాడు కట్టి చేద వేయాల్సిందే. వాడ కట్టలోని మూడు పుల్లలూ ఎవరివో లిదియా గుర్తు చేసుకుంది. ఒకటి దేవయ్యది, మిగతా రెండూ అతనితోపాటు పనిచేసినవాళ్ళవి. ముగ్గురూ పటేలు ఇంట్లో జీతముండి, దోసిలి పట్టి ఆ ఇంటి నీళ్ళు తాగినవాళ్ళు.

దిగనివ్వని బావి ఒడ్డున నిలబడితే లోపలిదంతా బాగా కనపడుతుంది. నారు మంట భరించలేక ఆడవాళ్ళు పుండున్న కాలు నీళ్ళలో పెట్టి, అమ్మయ్య అనుకునేవారు. పెట్టగానే పుండులోంచి పాలచుక్కలాంటిది నీళ్ళలోకి జారి కరిగేది. పక్కనున్నామె అక్కడే కడవ ముంచేది. లిదియా ఇది ఒకసారి చూసి నమ్మలేదు. ఒక ఎండాకాలంలో పందొమ్మిది సార్లు చూశాక నమ్మింది.

కొరుకుడు పడనిది ఒక్కటే. నీళ్ళు తాగిన వారానికో, నెలకో కాదు, ఏడాదికి నారు వచ్చేది. అది ఆమెకు కొత్తకోడళ్ళు నేర్పారు. బయటి ఊళ్ళ నుంచి వచ్చిన కోడళ్ళకు మొదటి వైశాఖంలో నారు రాదు, రెండో వైశాఖంలో వస్తుంది. ఈ ఊరి ఆడపిల్లలకు మొదటి వైశాఖంలోనే, ఎవరికీ నారు లేని అత్తగారి ఊళ్ళో వస్తుంది. అక్కడివాళ్ళు పిల్ల అడుగు మంచిది కాదంటారు. అడుగు కాదు, పిల్ల పుట్టింట్లో తాగి వెళ్ళిన నీళ్ళు.

ఈ సంగతంతా అర్జీగా రాయించాలని ఒకసారి ఎల్లారెడ్డి అంగడికి వెళ్ళి అర్జీలు రాసే ఆయన ముందు కూర్చుంది. ఆయన కలం ముంచి, ఎవరి మీద ఫిర్యాదు అని అడిగాడు. ఎవరి మీదా కాదు, నీళ్ళ మీద అంది. ఆయన కలం తుడిచి పెట్టెలో పెట్టేశాడు.

రాజమణి పిట్లం నుంచి కాపురానికి వచ్చి నాలుగేళ్ళు. మొదటి వైశాఖం బాగానే గడిచింది. రెండో వైశాఖంలో ఒకేసారి మూడు నార్లు, ఎనిమిదో నెల కడుపుతో. జ్వరం తగిలి బిడ్డ దక్కలేదు. పుల్ల తిప్పుతుంటే రాజమణి ఏడవకుండా ఒక్క మాట అడిగింది.

“లిద్యవ్వా, పోయినేడు నాకెందుకు రాలే?”

ఆ ప్రశ్న ఎవరైనా అడుగుతారని లిదియా అన్నేళ్ళుగా ఎదురుచూస్తోంది. ఆ రోజు పుల్ల మీద చేయి పెట్టి చాలాసేపు మాట్లాడింది.

అప్పటి నుంచీ రోజూ పొద్దుగూకే వేళకు పటేలు పెరటి కంచెలో, జిల్లేడు పొద వెనక చిన్న కుండెడు వాడ బావి నీళ్ళు ఉండేవి. రాజమణి పెంట కుప్ప వైపు వెళ్ళి, కుండ మార్చుకుని వచ్చేది. రెండేళ్ళయింది. ఇంట్లో తొమ్మిది మందిలో ఈ ఏడు ఏడుగురికి నారు వచ్చింది. పటేలు కొడుకు మోకాలికి వచ్చి, నారు బయటికొచ్చేదాకా మంచం పట్టాడు. రాజమణి కాళ్ళు మాత్రం కడిగిన ముత్యాల్లా ఉన్నాయి. తన నీళ్ళు తాను దాచుకోగలిగింది. పాకే పిల్ల నీళ్ళు ఎట్లా దాస్తుంది? నాయనమ్మ రోజుకు పదిసార్లు తాగిస్తుంటే పై వైశాఖం నాటికి ఆ కాళ్ళ గతి ఏమిటి?

లిదియా ఆ పొద్దున మిగతా పది కాళ్ళ పుల్లలూ తిప్పి, ఇంటికి వెళ్ళి, రెండు కట్టలూ చంకన పెట్టుకుని దిగుడు బావి దారి పట్టింది.

ఏటా వైశాఖంలో బావి పూడిక తీయడం ఆ ఊరి ఆచారం. ఊరంతా అక్కడే ఉంటుంది. ఈసారి పటేలు ఇంకో పుణ్యకార్యం కూడా తలపెట్టాడు. తండ్రి పేరు మీద పాత మెట్లను వెడల్పు చేయించి, ఒకేసారి ఇరవై మంది దిగేట్టు కొత్త బండలు వేయిస్తున్నాడు. బండలు కామారెడ్డి దిక్కు నుంచి ఏడు బండ్ల మీద వచ్చాయి. లిదియా వాడవాళ్ళు నిలబడే గీత దగ్గర ఆగి, కట్టలు నేలమీద పెట్టింది.

“ఏందే లిద్యా, మేస్త్రీల పొయ్యికి పుల్లలు తెచ్చినవా?” అన్నాడు పటేలు.

ఆమె చెప్పింది. పదకొండేళ్ళ లెక్క, రెండు బావులు, కాలి పుండు, పాలచుక్క, ఏడాది గడువు. ఈ బండలతోనే మెట్లు మూసేసి, గిరక పెట్టి, చేదతో తోడుకొమ్మంది. వాడలో ఎవరు ఏం చెప్పినా చివర్న నీ బానిసనన్నట్టు ‘నీ బాంచెన్’ అని తగిలించేవారు. ఆమె ఎప్పుడో ఆ మాట వదిలేసింది. ఆ రోజు అది లేనట్టు అందరికీ వినపడింది.

పటేలు తెలివి తక్కువవాడు కాదు. మీసం సవరించుకుంటూ విని, మీకు రాకపోవడం బావి గొప్ప కాదు, మీ తోలే మందం, మా రక్తం సన్నం అన్నాడు. దేవయ్య వాడవాడే కదా, మీ ఇంట్లో తాగితే వచ్చింది కదా అని ఆమె అడిగింది. మా ఉప్పు తిని వాడి రక్తమూ పలచబడింది అన్నాడు. జనం నవ్వారు.

లిదియా నవ్వలేదు, కోపమూ తెచ్చుకోలేదు. ఆ మాటలో ఉన్న ముడి ఆమెకు తెలుసు. రాత్రుళ్ళు తనే ఆ ముడి విప్పుకుంది. వాడ మనిషి ఊరి నీళ్ళు తాగితే సగం లెక్కే తేలుతుంది. ఊరి మనిషి వాడ నీళ్ళు తాగితే గానీ మిగతా సగం తేలదు. పటేలు కూడా సరిగ్గా అక్కడికే వచ్చాడు.

“మా కులపోళ్ళల్ల ఒక్కరిని సూపెట్టు. మీ బాయి నీళ్ళు తాగి, నారు రాకుంట ఉన్నోళ్ళను. గప్పుడు ఈ బండలన్ని నువ్వన్నట్టే వేస్త.”

“ఉన్నరు,” అంది లిదియా.

“ఎవరు?”

“చెప్ప.”

మళ్ళీ నవ్వులు. మేస్త్రీ కూడా ఉలి ఆపి నవ్వాడు. పదకొండేళ్ళు పోగేసిన లెక్కలో అన్నిటికన్నా గట్టి పుల్ల ఆమె దగ్గరే ఉంది. దాన్ని బయటపెడితే విరిగేది ఒక ఆడపిల్ల బతుకు.

కూలీలకు మజ్జిగ తెచ్చిన ఆడవాళ్ళలోంచి రాజమణి ముందుకు వచ్చింది. తలమీది కుండ దించి, కొంగు సవరించుకుని, మామ ముందు నిలబడింది.

“నేనే మామా.”

ఎవరూ నవ్వలేదు. ఆమె చీర కుచ్చిళ్ళు బెత్తెడు పైకెత్తింది. కాళ్ళ మీద మూడు పాత మచ్చలున్నాయి. కొత్తది ఒక్కటీ లేదు.

“రెండేండ్ల సంది వాడ బాయి నీళ్ళే తాగుతున్న. నా చేతి బువ్వ మీరందరు తింటనే ఉన్నరు. ఇల్లు కూలలే. నా బిడ్డకు గూడ గవ్వే తాగిస్త.”

పటేలు ముఖం ఎర్రబడింది, తరువాత తెల్లబడింది. కోడలు మైలపడిందని ఒప్పుకుంటే రెండేళ్ళుగా ఆమె చేతి వంట తిన్న తానూ మైలపడ్డట్టే. పోయిన శ్రావణంలో తన ఇంట్లో విస్తరి వేసుకున్న మూడు వందల మంది చుట్టాలూ మైలపడ్డట్టే. వాళ్ళలో సగం మంది అప్పుడు అక్కడే నిలబడి ఉన్నారు. వాళ్ళూ ఈ లెక్క వేసుకున్నారని వాళ్ళ చూపులు చూస్తే తెలుస్తోంది. కాబట్టి జరిగింది జరగలేదనడమే అందరికీ క్షేమం.

“దీనికి మతి పోయింది,” అన్నాడు పటేలు చివరికి. “అబద్ధం ఆడుతుంది. ఆ ముసల్ది ఏదో పెట్టింది.” లిదియా వైపు తిరిగాడు. “రేపు పొద్దెక్కేటాళ్ళకు నువ్వు ఊర్ల ఉండొద్దు.”

“పోత,” అంది లిదియా. “కని పదకొండు కాళ్ళకు పుల్లలు కట్టున్నయి. ఎవరు తిప్పుతరు?”

ఆ మాటకు జనంలో కుంటుతున్నవాళ్ళు నేల చూపులు చూశారు. తామే తిప్పుకుంటామన్నాడు పటేలు. అయితే నేర్పి పోతానంది ఆమె. మేస్త్రీ మళ్ళీ ఉలి అందుకున్నాడు. మధ్యాహ్నం కూలీలు ఆ రెండు కట్టలనూ పొయ్యిలో పెట్టి అంబలి కాచుకున్నారు. పదకొండేళ్ళు ఒక్క పొంగుకు సరిపోయాయి.

వాడకు పెద్ద స్వామిదాసు, లిదియాకు మరిది. వాడలో ఇరవై ఇండ్ల కూలి పటేలు పొలాల మీదే ఆధారపడి ఉంది. ఆయన వదిన గుమ్మంలో కూర్చుని, పటేలు కాళ్ళ ముందు ఒక్కసారి బాంచెన్ అంటే అయిపోతుంది కదా, నోరు అరిగిపోతుందా అని బతిమాలాడు.

“లెక్క తప్పితే అంట,” అంది ఆమె. “వరి బువ్వ అన్ననాడు తప్పైందని ఇంటింటికి పోయి చెప్పలేదా? ఇది తప్పలే.”

సాయంత్రం పదకొండు ఇండ్లకూ వెళ్ళింది. ప్రతి గుమ్మంలో ఒకర్ని కూర్చోబెట్టి పుల్ల పట్టించింది. ఒక చుట్టు, అరచుట్టు, ఆగడం. ముగ్గురు తొందరపడితే చేతిమీద కొట్టింది. ఊరి కుర్రకారుకు వాడ మనిషి చేత కొట్టించుకోవడం అదే మొదలు. చేయి విదిలించుకుని మళ్ళీ పుల్ల పట్టుకున్నారు. చివరికి నర్సవ్వ దగ్గరికి వచ్చేసరికి దీపాలు పెడుతున్నారు. నర్సవ్వ ఎవర్నీ పిలవలేదు, పుల్ల తనే పట్టుకుంది. మెల్లగా, గొంతు బాగా దించి అడిగింది.

“నాలుగొద్దులే తాగిపిచ్చిన. రేపటి సంది మానితే పిల్లకు వస్తదా, రాదా?”

లిదియా ఆలోచించింది. ఊరడింపు కోసం ఒక మాట అంటే పోయేది.

“తెల్వది, దొరసానీ. నాలుగొద్దులోళ్ళు నా లెక్కల లేరు. పై వైశాఖం నువ్వే చూడాలె.”

నర్సవ్వ ఆ సాయంత్రం కాలిమీద నీళ్ళు పోసుకోవడం మరిచిపోయింది.

తెల్లారింది. లిదియా సామాను ఒక చీర మూటలో సరిపోయింది. కామారెడ్డిలో రైలు కట్ట పక్కన పినతల్లి కూతురు గంగమణి ఉంది. అక్కడి ఊళ్ళలోనూ దిగుడు బావులున్నాయని విన్నది. స్వామిదాసు భార్యను పిలిచి, జిల్లేడు పొద ఎక్కడుందో, కుండ ఏ వేళకు పెట్టాలో చెప్పింది. తాగి పోదామని చేద బావి దగ్గరికి వచ్చింది. ఊరి వైపు నుంచి దిగుడు బావిలో బండలు సర్దుతున్న చప్పుడు అప్పటికే మొదలైంది.

పొలం గట్టు మీదుగా ఇద్దరు ఆడవాళ్ళు వస్తున్నారు. ముందు నర్సవ్వ, కట్టుకట్టిన కాలు ఈడుస్తూ. వెనక రాజమణి, చంకలో పిల్ల. వాడలోకి పటేలు ఇంటి ఆడవాళ్ళు అడుగు పెట్టడం ఎవరికీ గుర్తులేదు. చీపుళ్ళు పట్టుకున్నవాళ్ళు చీపుళ్ళతోనే నిలబడిపోయారు.

నర్సవ్వ బావికి నాలుగడుగుల దూరంలో ఆగింది. “ఒక చుట్టు తిప్పిన,” అంది, పలకరింపు కింద. “అరచుట్టు తిప్పలే. తెగుతదని బుగులైంది.”

“మంచిదే,” అంది లిదియా. “బుగులున్నోళ్ళకే చెయ్యి నిలుస్తది.”

నర్సవ్వ కొంగు ముడి విప్పి ఒక వెండి ఉగ్గుగిన్నె తీసి బావి గట్టు మీద పెట్టి, మళ్ళీ నాలుగడుగులు వెనక్కి వెళ్ళింది. లిదియా చేద వేసి తోడి, ఎత్తు నుంచి గిన్నెలోకి వంచింది. రాజమణి వచ్చి కూర్చుని పిల్లకు తాగించింది. పిల్ల రెండు చేతులా గిన్నె పట్టుకుని, ముక్కు దాకా ముంచుకుని తాగింది. ఊపిరి తీసుకుని మళ్ళీ తాగింది.

లిదియా మూట తలకెత్తుకుంది. రాజమణి లేవబోతే వద్దన్నట్టు చేయి ఊపి, కామారెడ్డి బాట ఎక్కింది. తుమ్మల మలుపు దగ్గర ఒక్కసారి వెనక్కి చూసి, రెండు వేళ్ళు కొంగుకు తుడుచుకుని వెళ్ళిపోయింది.

రాజమణి గిన్నె కడిగి అత్త చేతికివ్వబోయింది. నర్సవ్వ అందుకోలేదు.

“ఈడ పెట్టినంక అది మల్ల ఇంట్లకు రారాదు. ఈడ్నే ఉంటది. రేపు మల్ల వస్తం గద.”

ఎవరైనా ఎత్తుకుపోతే అని రాజమణి అడిగింది. పటేలు ఇంటి గిన్నెను ఎవడు ముట్టుకుంటాడని నర్సవ్వ అంది. ఇద్దరూ వచ్చిన గట్టు మీదనే తిరిగి వెళ్ళారు. వాడ ఆడవాళ్ళు ఒక్కొక్కరే చేదలు తెచ్చుకుని, తాళ్ళు ఆ గిన్నెకు తగలకుండా పక్కకు తప్పించి నీళ్ళు తోడుకున్నారు. ఎండ ఎక్కుతున్న గట్టు రాయి మీద వెండి ఉగ్గుగిన్నె బోర్లించి ఉంది. దాని ముక్కు కింద తడి ఇంకా ఆరలేదు.